దిర్హం అంత మచ్చ

మన నగరంలో ‘ఎర్రగడ్డ’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి ప్రాంతం పేరు, రెండవది తిట్టు. ఎవరైనా పొంతన లేకుండా మాట్లాడితే ‘వీడిని ఎర్రగడ్డకు పంపాలి’ అంటారు. అక్కడి మానసిక చికిత్సాలయం ఆ పేరుకు అంటించిన ముద్ర అది. ఆ పక్కనే క్షయరోగులు వచ్చే చెస్ట్ ఆసుపత్రి ఉంది. మరికొంత దూరంలో, ఈఎస్‌ఐ ఆసుపత్రికి చేరువలో, బొల్లి మచ్చలకు దేశమంతటా పేరు పొందిన యునానీ పరిశోధనా సంస్థ ఉంది. మనిషి పదిమందిలో చెప్పుకోలేని జబ్బులన్నీ ఒకే రహదారి వెంట కొలువు తీరినట్లు ఉంటుంది ఆ ప్రాంతం.

మేము బోరబండ వాసులం. ఎర్రగడ్డకు చేరువలోని ఒక మదరసాలో అరబ్బీ వ్యాకరణం, ఖుర్ఆన్ అనువాదం బోధిస్తూ పాతికేళ్ళు గడిచాయి. ఆ యునానీ సంస్థ గేటు ముందు నుండి వేలసార్లు నడిచి వెళ్ళాము. లోపలికి మాత్రం ఒక్కసారీ తొంగి చూడలేదు. అటువంటి మాకు ఆ గేటు దాటవలసిన రోజు వచ్చింది. ఆ దారిలో మేము చేసిన పొరపాట్లను దాచుకోకుండా పాఠకుల ముందుంచాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. మా పొరపాటు మరొక ఇంటికి హెచ్చరికగా ఉపయోగపడితే, అల్లాహ్ దానిని మా ఖాతాలో పుణ్యంగా రాయవచ్చునని ఆశ.

2013లో, మా రెండవ అమ్మాయికి పదమూడేళ్ళ వయసులో, ఒక ఉదయం ఫజర్ నమాజు కోసం వుజూ చేస్తుండగా వాళ్ళ అమ్మ ఆమె కనురెప్ప అంచున కందిగింజంత తెల్లని మచ్చను చూసింది. పోషకాహార లోపమేమో అనుకున్నాము. రెండు నెలలు తిరిగేసరికి పెదవి మూలన ఒకటి, వేళ్ళ కొసలపై నాలుగు, మోకాళ్ళ మీద అరచేయంత రెండు వచ్చాయి. ఇక చుట్టుపక్కల నాలుకలు కదిలాయి. ‘చేపలు తిన్న రోజున పాలు తాగించారా?’ అని ఒకరు, ‘ఎవరి ఉసురు తగిలిందో’ అని మరొకరు. చేపలూ పాలూ కలిపి తింటే బొల్లి వస్తుందన్న మాటకు వైద్యశాస్త్రంలో ఆధారం లేదు. అయినా ఆ తల్లి తాను వండి పెట్టిన ప్రతి పూటనూ గుర్తు చేసుకుని కుమిలిపోయింది. ఒక వలీమా విందులో మా అమ్మాయి చేయి పెట్టిన పళ్ళెం నుండి పక్కనున్న ఆడవాళ్ళు మెల్లగా చేతులు వెనక్కి తీసుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ తరువాత మా అమ్మాయి విందులకు రావడం మానేసింది.

ఇంట్లో ఆందోళన ఉన్నప్పుడు మనిషి వినికిడి మారిపోతుంది. ‘ఓపిక పట్టండి’ అనేవారి మాట చెవికెక్కదు. ‘గ్యారంటీ’ అనేవారి మాట చప్పున ఎక్కుతుంది. బంధువులలో ఒకరు సూదుల వైద్యం, అంటే ఆక్యుపంక్చర్ చేసే చోటు ఒకటి చెప్పారు. మేము రెండు బస్సులు మారి, నగరం ఆ చివర వరకు వెళ్ళాము. ఇరవై సార్లు సూదులు పెడితే మచ్చలు మాయమవుతాయని అక్కడి వారు హామీ ఇచ్చారు. మందులు లేవు, రక్తపరీక్షలు లేవు, మచ్చలు ఎప్పటి నుండి ఉన్నాయన్న ప్రశ్న కూడా లేదు. వెంట్రుకంత సన్నని సూదులు కాళ్ళపై, చేతులపై గుచ్చి అరగంట పడుకోబెట్టేవారు. బిడ్డ కిమ్మనకుండా పైకప్పును చూస్తూ పడుకునేది. ఇరవై సార్లు పూర్తయ్యాయి. మచ్చలు ఎక్కడివక్కడే ఉన్నాయి. మరో ఇరవై సార్లు కావాలన్నారు. మా వద్ద డబ్బు లేదు.

ఆ వైద్య విధానాన్ని తూలనాడడం మా అభిమతం కాదు. ఆక్యుపంక్చర్ చైనా దేశంలో రెండు వేల ఏళ్ళకు పైగా వాడుకలో ఉన్నది. మొండి నొప్పులకు దాని వల్ల ఉపశమనం పొందినవారు ఉన్నారు. ఎగ్జిమా దురదను అది కొంత తగ్గించినట్లు కొన్ని చిన్న పరిశోధనలు కూడా చూపాయి. అయితే దురదను తగ్గించడం వేరు, చర్మం కోల్పోయిన రంగును తిరిగి రప్పించడం వేరు. బొల్లిని సూదులు నయం చేస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. ఒక జబ్బుకు పనికివచ్చినది అన్ని జబ్బులకూ పనికివస్తుందని నమ్మడం మా తప్పు. తెలియని చోట హామీ ఇవ్వడం వారి తప్పు.

దాని తరువాత మేము చేసినది ఇంకా పెద్ద పొరపాటు. మాకు పరిచయమున్న ఒక యువకుడు కొద్ది రోజుల శిక్షణ పొంది హిజామా చేస్తున్నాడు. తేనెలోనూ, హిజామాలోనూ స్వస్థత ఉన్నదని దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) సెలవిచ్చినట్లు సహీహ్ బుఖారీలో ఉన్నది కదా, ఇక సందేహమెందుకు అనుకున్నాము. ఆ అబ్బాయి తన చెల్లెలి చేత మా అమ్మాయి వీపు మీద గాట్లు పెట్టించి, కప్పులు వేయించాడు. గాట్లు మానాయి. మూడు నెలలకు ఆ గాట్లు పడిన చోటల్లా సన్నని తెల్లని గీతలు తేలాయి. అంతకు ముందు ఆ వీపు మీద ఒక్క మచ్చ కూడా లేదు.

దీనికి వైద్యంలో ఒక పేరు ఉన్నదని మాకు తరువాత తెలిసింది. 19వ శతాబ్దంలో కోబ్నర్ అనే జర్మన్ వైద్యుడు, సోరియాసిస్ రోగులకు చర్మం గాయపడిన చోటనే కొత్తగా ఆ జబ్బు పుడుతున్నదని గమనించాడు. బొల్లిలోనూ అదే జరుగుతుంది. మచ్చలు వ్యాపిస్తున్న దశలో చర్మాన్ని కోయడం, గీరడం, కాల్చడం కొత్త మచ్చలను పిలవడమే కావచ్చు. బిగుతైన నాడా, గట్టిగా తోమే పీచు కూడా మంచివి కావు. హిజామా ఘనత హదీసులో స్థిరంగా ఉన్నది. అందులో లోపం లేదు. లోపం మాలో ఉన్నది. దైవప్రవక్త (స) తమకు హిజామా చేయించుకున్నది ఆ పనిలో ఆరితేరిన అబూ తైబా చేత. ఉబై బిన్ కఅబ్ (రజి) అస్వస్థులైనప్పుడు ఆయన వద్దకు ఒక వైద్యుణ్ణి పంపారు. వైద్యంలో పేరులేనివాడు వైద్యానికి పూనుకుంటే జరిగే నష్టానికి అతడే బాధ్యుడన్న హదీసు అబూ దావూద్‌లో ఉన్నది. దానిని విద్యార్థుల చేత ఎన్నిసార్లో వల్లె వేయించిన మేము, సొంత బిడ్డ విషయంలో మరచిపోయాము.

ఇంతవరకు చెప్పినది చర్మానికి చేసిన హాని. మనసుకు చేసిన హాని ఇంకా చెప్పలేదు.

ఆదివారం అస్ర్ తరువాత మా ఇంట్లో స్త్రీలకు, బాలికలకు ఖుర్ఆన్ అనువాద పాఠం చెప్పడం మాకు అలవాటు. పరదా ఆవల వారు కూర్చుంటారు, ఈవల మేము. ఆ వారం ఆలి ఇమ్రాన్ సూరాలో హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) మహిమలు తెలిపే 49వ ఆయత్ వచ్చింది. అల్లాహ్ ఆజ్ఞతో ఆయన పుట్టు గుడ్డివారిని, ‘అబ్రస్’లను బాగు చేసేవారని అందులో ఉన్నది. మేము ఎప్పటి మాదిరిగానే ‘అబ్రస్ అంటే కుష్ఠురోగి’ అని చెప్పి ముందుకు సాగాము. మా ఉస్తాదులు ‘కోఢీ’ అని చెప్పారు, మేము ‘కుష్ఠురోగి’ అన్నాము. ఇరవై ఏళ్ళుగా అదే మాట.

అందరూ వెళ్ళిపోయాక మా అమ్మాయి దుఆల పుస్తకం పట్టుకుని వచ్చింది.

“అబ్బా, ఒక సందేహం.”

“అడుగు బేటా.”

“నాకున్నది బర్స్ అనే కదా అందరూ అంటున్నారు. అబ్రస్ అంటే కుష్ఠురోగి అని ఇందాక మీరు చెప్పారు. అయితే నేను కుష్ఠురోగినా?”

మా నోట మాట రాలేదు. ఆమె పుస్తకం తెరిచి వేలు పెట్టి చూపింది. ఆ వేలి కొస తెల్లగా ఉన్నది. అది దైవప్రవక్త (స) కొన్ని జబ్బుల నుండి అల్లాహ్ శరణు కోరిన దుఆ. అనస్ (రజి) ఉల్లేఖించినది.

“ఇందులో బర్స్ అని ఒకసారి ఉంది, జునూన్ అని ఉంది, తరువాత జుజామ్ అని ఉంది. జుజామ్ అంటే కుష్ఠు అని మీరే నేర్పారు. రెండూ ఒకటే అయితే ప్రవక్త రెండుసార్లు ఎందుకు చెప్పారు అబ్బా?”

ఆ రాత్రి మేము నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాము. అరబ్బీ భాషలో ఈ రెండు పదాలకూ ఎక్కడా పొత్తు లేదు. బర్స్ అంటే చర్మంపై వచ్చే తెల్లదనం. జుజామ్ అంటే అవయవాలను తినివేసే కుష్ఠువ్యాధి. ఫిఖ్హ్ గ్రంథాలు కూడా వివాహ ప్రకరణంలో ఈ రెంటినీ వేరు వేరుగానే పేర్కొంటాయి. తాహా సూరాలో హజ్రత్ మూసా (అ) చేయి ఏ లోపమూ లేకుండా తెల్లగా మెరిసిందన్న చోట, ‘లోపం లేకుండా’ అంటే ‘బర్స్ కాకుండా’ అని వ్యాఖ్యాతలు వివరించారు. ఇవన్నీ మేము చదివినవే, చెప్పినవే. ఒక్క చోట మాత్రం అలవాటు కొద్దీ తప్పు మాట వాడుతూ వచ్చాము. మన తెలుగులోనూ ఇదే పొరపాటు ఉన్నది. బొల్లిని ‘తెల్ల కుష్ఠు’ అనడం పల్లెలలో ఇప్పటికీ వింటాము. ఆ ఒక్క మాట ఎన్ని పళ్ళాలను వేరు చేసిందో, ఎన్ని సంబంధాలను చెడగొట్టిందో అల్లాహ్‌కే తెలుసు. ఆ వలీమాలో చేతులు వెనక్కి తీసుకున్న స్త్రీలలో ఇద్దరు మా పాఠానికి వచ్చేవారే.

మరుసటి ఆదివారం పరదా ఈవల నుండి మేము ముందుగా మా తప్పును ఒప్పుకున్నాము. అబ్రస్ అంటే బొల్లి మచ్చలు ఉన్నవాడు. అది అంటువ్యాధి కాదు. ఇన్నేళ్ళూ మేము చెప్పిన అర్థం పొరపాటు అని చెప్పాము. ఆవల చాలాసేపు నిశ్శబ్దం. తరువాత ఒక ముసలావిడ గొంతు వినబడింది: “మౌల్వీ సాబ్, మా చెల్లికి కూడా ఇదే ఉండేది. పెళ్ళి కాకుండానే పోయింది.”

ఆ వారమే మేము ఎర్రగడ్డ సంస్థ గేటు దాటాము.

ఆ సంస్థ 1970ల తొలినాళ్ళలో ఏర్పడింది. దేశంలో యునానీ పరిశోధనలను పర్యవేక్షించే కేంద్రీయ మండలి 1979 జనవరి నుండి పని చేస్తున్నది. ఆ మండలి కింద ఇది ముఖ్యమైన సంస్థ. కేంద్రీయ యునానీ వైద్య పరిశోధనా సంస్థగా పేరు పొంది, ఇటీవల చర్మవ్యాధుల జాతీయ సంస్థ అయింది. మేము వెళ్ళిన రోజులలో రోడ్డు మధ్య మెట్రో రైలు స్తంభాల పనులు సాగుతున్నాయి. దుమ్ము దాటుకుని లోపలికి వెళితే బల్లల మీద ఎన్ని భాషలవారో! తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం. బొట్టు పెట్టుకున్న తల్లి, బురఖాలో ఉన్న తల్లి పక్కపక్కన కూర్చుని ఒకరి బిడ్డ మచ్చలను మరొకరు చూసుకుంటున్నారు. మా అమ్మాయి చాలా నెలల తరువాత ముఖం మీది నకాబు తానుగా పైకెత్తింది. అక్కడ ఆమెను ఎవరూ వింతగా చూడలేదు.

మమ్మల్ని చూసిన హకీం సాహెబ్ పెద్ద వయసువారు. అరగంట సేపు ప్రశ్నలు అడిగారు. వీపు మీది గీతల సంగతి వినగానే తల వంచుకున్నారు. కోబ్నర్ సంగతి చెప్పినది వారే. ఆ తరువాత మేము అడగకముందే ఇలా అన్నారు:

“మౌలానా, ముందుగా మూడు మాటలు చెబుతాను. ఇది అంటదు. ఇది ప్రాణానికి ముప్పు కాదు. ఇది ఎంతవరకు తగ్గుతుందో నేను హామీ ఇవ్వలేను. ముఖం మీద రంగు రావచ్చు. వేళ్ళ కొసలు, పెదవులు మాత్రం మొండివి, అక్కడ రాకపోవచ్చు. ఏడాది రెండేళ్ళు ఓపిక పట్టగలరా?”

ఆ మాట విని మా మనసు కుదుట పడింది. హామీ ఇవ్వనన్న వైద్యుణ్ణి అప్పుడే మొదటిసారి చూశాము.

యునానీ సిద్ధాంతం ప్రకారం కఫం మితిమీరి, ఆహారాన్ని శరీర ధాతువుగా మార్చే శక్తి బలహీనపడినప్పుడు ఈ జబ్బు కలుగుతుంది. ఆధునిక వైద్యం చెప్పేది వేరు. చర్మానికి రంగునిచ్చే కణాలను శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరపాటున శత్రువులుగా భావించి నాశనం చేస్తుంది. ప్రపంచంలో ప్రతి నూరు మందిలో సుమారు ఒకరికి ఇది ఉండవచ్చు. కారణం చెప్పడంలో తేడా ఉన్నా, మందు విషయంలో ఈ రెండు వైద్యాలూ ఒక చోట కలుస్తాయి. ఆ చోటు బావంచాలు.

బావంచాలు మన పచారీ కొట్లలో దొరికే నల్లని చిన్న గింజలు. యునానీలో బాబ్చీ అంటారు. ఆ గింజల మందు వాడి, కొద్దిసేపు ఎండలో కూర్చుంటే చర్మం రంగు దేరుతుందని మన దేశపు వైద్యులకు ఎన్నో శతాబ్దాలుగా తెలుసు. స్పెయిన్ దేశపు మాలగాలో పుట్టిన ముస్లిం మూలికా శాస్త్రవేత్త ఇబ్నుల్ బైతార్, 13వ శతాబ్దంలో, ఉత్తర ఆఫ్రికాలోని ఒక బర్బర్ తెగ ‘ఆత్రీలాల్’ అనే మొక్క గింజలను తిని ఎండలో కూర్చుని ఈ మచ్చలకు చికిత్స చేసుకునేదని గ్రంథస్థం చేశారు. ఆయన 1248లో దమస్కస్‌లో మరణించారు. ఏడు వందల ఏళ్ళ తరువాత, 1948లో, కైరో వైద్యుడు అల్ ముఫ్తీ అదే మొక్క నుండి తీసిన పదార్థంతో రోగులకు చికిత్స చేసి ఫలితాలను ప్రకటించారు. అంతకు ముందే, 1933లో, మన దేశపు రసాయన శాస్త్రవేత్తలు బావంచాల నుండి సొరాలెన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. ఈ జాతి పదార్థాలు చర్మానికి ఎండను గ్రహించే గుణం కలిగిస్తాయి. 1974 నుండి పెద్ద ఆసుపత్రులలో దీనికి యంత్రపు అతినీలలోహిత కాంతిని జోడించి సోరియాసిస్‌కు, బొల్లికి వాడుతూ వచ్చారు. ఇప్పుడు చాలాచోట్ల సొరాలెన్ లేకుండా కాంతి మాత్రమే ఇచ్చే పద్ధతి ఎక్కువగా ఉన్నది.

ఇది చదివి ఎవరైనా పచారీ కొట్టుకు పరుగెత్తితే మా మీద భారం పడుతుంది. కనుక స్పష్టంగా చెబుతున్నాము. ఈ గింజల మోతాదు తప్పినా, ఎండలో నిమిషాలు మించినా చర్మం బొబ్బలెక్కుతుంది. లోపలికి తీసుకుంటే కాలేయానికి హాని జరిగిన ఉదంతాలూ ఉన్నాయి. గర్భవతులు దూరంగా ఉండాలి. వైద్యుని పర్యవేక్షణ లేకుండా దీనిని ముట్టరాదు.

మా అమ్మాయికి లోపలికి మాత్రలు, పైకి లేపనం ఇచ్చారు. థైరాయిడ్ పరీక్ష చేయించమన్నారు. ఈ మచ్చలున్న కొందరిలో ఆ గ్రంథి కూడా దెబ్బతింటుందట. రోజూ ఉదయపు ఎండ. తొలివారం కొన్ని నిమిషాలే, తరువాత కొంచెం కొంచెంగా పెంచాలి. మా మేడ మీద వాళ్ళ అమ్మ నాలుగు వైపులా చీరలు కట్టింది. ఆ చీరల మధ్య కూర్చుని బిడ్డ తన ఖుర్ఆన్ పాఠం వల్లె వేసుకునేది. అలా రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో ఆమె ఆరు పారాలు కంఠస్థం చేసింది.

ఐదవ నెలలో కనురెప్ప అంచున, తెల్లదనం నడుమ ఆవగింజంత గోధుమ రంగు చుక్క కనిపించింది. అది మచ్చ మీద మొలిచిన రంగు. వాళ్ళ అమ్మ మమ్మల్ని పాఠం మధ్యలో పిలిపించి చూపింది. ఆ చుక్కలు పెరిగి ఒకదానితో ఒకటి కలిశాయి. ఏడాదిన్నరకు ముఖం పూర్తిగా తేరుకుంది. మోకాళ్ళు ముప్పాతిక వంతు బాగయ్యాయి. వీపు మీది గీతలలో సగం మిగిలాయి. వేళ్ళ కొసలు మాత్రం మారలేదు. హకీం సాహెబ్ అన్న మాటే నిజమైంది. ‘ఇక్కడికి మా వైద్యం ఆగుతుంది. కావాలంటే చర్మవైద్యుని వద్ద కాంతి చికిత్స ప్రయత్నించండి’ అని వారే చీటీ రాసిచ్చారు. కాంతి చికిత్సతోనూ వేళ్ళు మారలేదు. ఈ పరిశోధన ఆగిపోలేదు. 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ బొల్లి మచ్చలలో రంగు తిరిగి తెప్పించడానికి ఒక లేపనాన్ని ఆమోదించింది.

పెళ్ళి మాటలు మొదలైనప్పుడు సంబంధాలు తెచ్చే ఆవిడ మాతో మెల్లగా, “వేళ్ళకు మెహందీ పెట్టించండి. చూపుల నాడు కనబడదు. నిఖా అయ్యాక అల్లాహ్ మాలిక్” అన్నది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. లోకరీతి చెప్పింది. వాళ్ళ అమ్మ మా ముఖం వైపు చూసింది.

మాకు బజారులో ధాన్యం అమ్మేవాడి ఉదంతం గుర్తుకు వచ్చింది. దైవప్రవక్త (స) ఆ ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వాన తడిపిందని అతడు చెప్పుకున్నాడు. తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించి, మోసగించేవాడు తమవాడు కాడన్నారు. గింజల విషయంలోనే ఇంత ఉంటే, రెండు జీవితాలను కలిపే నిఖా విషయంలో ఎంత ఉండాలి? ఇలాంటి జబ్బు ఉంటే వివాహాన్ని రద్దు చేసుకునే హక్కు ఎవరికి ఉన్నది అన్న విషయంలో ఇమాములకు భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. దాచిపెట్టి మోసగించడం తగదన్న విషయంలో మాత్రం భిన్నాభిప్రాయం లేదు.

అయితే ఇది మేము తీర్మానించవలసినది కాదని తోచి, అమ్మాయినే అడిగాము. ఆమె, “మెహందీ పది రోజులకు పోతుంది అబ్బా. తరువాత రోజూ భయపడుతూ బతకాలి. నాకు వద్దు” అన్నది.

మెహందీ లేని చేతులతోనే చాయ్ తెచ్చి ఇచ్చింది. ఒక కుటుంబం చాయ్ తాగి వెళ్ళిపోయింది. మరొకరు ఫోను చేస్తామన్నారు, చేయలేదు. మూడవ కుటుంబం వచ్చిన రోజున అబ్బాయి తల్లి ఆ వేళ్ళను చూసి, తన కుడి చేతి జబ్బ మీద ముసుగు కొంచెం తొలగించింది. అక్కడ పాత కాలిన మచ్చ. ‘నాది కిరోసిన్ స్టవ్. నీది అల్లాహ్ ఇచ్చినది. నాదాన్నే మా అత్తగారు భరించారు’ అన్నది. 2022లో నిఖా జరిగింది. ఇప్పుడు మాకు ఒక మనవరాలు.

మేము మళ్ళీ అబ్రస్ అన్న పదం దగ్గరకు వస్తున్నాము. బనీ ఇస్రాయీల్ కాలపు ముగ్గురి వృత్తాంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. వారిలో మొదటివాడు అబ్రస్. దైవదూత వచ్చి ఏమి కావాలని అడిగితే, అతడు మంచి రంగు, మంచి చర్మం కోరాడు. జనం తనను అసహ్యించుకుంటున్నారని చెప్పుకున్నాడు. గమనించండి. నొప్పి అనలేదు, దురద అనలేదు. అతని బాధ జనం. దైవదూత నిమిరితే చర్మం బాగుపడింది, సంపద వచ్చింది. ఆ తరువాత అతడే ఒక బీద అబ్రస్‌ను తన గుమ్మం నుండి వెళ్ళగొట్టాడు. పరీక్షలో ఓడిపోయినది మచ్చ ఉన్నప్పుడు కాదు, మచ్చ పోయాక.

ఉవైస్ ఖర్నీ (రహ్మతుల్లాహి అలైహి) వృత్తాంతం ఇంకా గొప్పది. యమన్ దేశంలో తల్లి సేవలో ఉండిపోయిన ఆ పుణ్యాత్మునికి బర్స్ ఉండేదని, అది నయమై ఒక్క దిర్హం అంత చోటు మాత్రం మిగిలిందని సహీహ్ ముస్లింలో ఉన్నది. దైవప్రవక్త (స) ఆయనను ఆ మచ్చ గుర్తుతో పోల్చుకోమని చెప్పారు. కలిస్తే తన పాపక్షమాపణ కోసం ఆయన చేత దుఆ చేయించుకోమని హజ్రత్ ఉమర్ (రజి)కి సూచించారు. ఖలీఫా అయ్యాక కూడా ఉమర్ (రజి) యమన్ నుండి వచ్చే ప్రతి బృందంలో ఆ దిర్హం అంత మచ్చ ఉన్న మనిషి కోసం వెతికారు. మనం ఏ గుర్తును దాచిపెట్టమంటున్నామో, ఆ గుర్తును పట్టుకుని ఒక ఖలీఫా ఒక బీదవాని దుఆ కోసం తిరిగారు.

చివరగా పాఠకులకు కొన్ని మాటలు. చర్మం మీద తెల్లని మచ్చ కనబడితే తొలి నెలలలోనే అర్హత ఉన్న వైద్యునికి చూపండి. ఆలస్యం చేస్తే మొండిబారుతుంది. మచ్చపై స్పర్శ తెలియకపోతే అది కుష్ఠు కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రులలో దానికి ఉచిత చికిత్స ఉన్నది, మందు చెప్పినంత కాలం మానకుండా వాడితే పూర్తిగా నయమవుతుంది. ఆ రోగులను కూడా ఈసడించే హక్కు మనకు లేదు. సూది, కత్తి, కప్పు ఏదైనా సరే, ముందు వైద్యుని చేత జబ్బు పేరు తేల్చుకోండి. నూటికి నూరు పాళ్ళు నయం చేస్తామన్న చోటు నుండి లేచి రండి. దుఆ చేయండి, మందూ వాడండి. ముసలితనం తప్ప ప్రతి జబ్బుకూ మందు ఉన్నదని, చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) పల్లెవాసులకు చెప్పి ఉన్నారు. మా వంటి బోధకులకు ప్రత్యేకంగా ఒక మనవి: పాఠంలో ఒక పదానికి అర్థం చెప్పేముందు, పరదా ఆవల ఎవరు కూర్చుని వింటున్నారో ఒక్కసారి తలచుకోండి.

మా అమ్మాయి ఇప్పుడు తన అత్తవారి బస్తీలో చిన్నపిల్లలకు ఖుర్ఆన్ నేర్పుతున్నది. అక్షరాల మీద ఆమె తెల్లని వేలి కొస కదులుతుంటే పిల్లలు దాని వెంట చదువుతారట. ఓ అల్లాహ్! రోగులకు స్వస్థతను, వైద్యులకు సత్యసంధతను, మా నాలుకలకు జాగ్రత్తను ప్రసాదించు. ఆమీన్.